చిన్న పడవను కడిగి ప్రయాణానికి సిద్ధం చేయడం

నాలుగు నుంచి ఆరు మీటర్ల పొడవున్న ఫైబర్‌గ్లాస్ పడవ, దాని వెనక పెట్రోలుతో నడిచే అవుట్‌బోర్డ్ మోటారు ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. చెక్క, అల్యూమినియం, గాలి నింపే రబ్బరు పడవల విషయంలో పద్ధతి మారే చోట అక్కడికక్కడే చెబుతాం.

పడవ కడగడాన్ని మెరుపు కోసం చేసే పనిగా చూడొద్దు. నీటి మీద ప్రయాణం ఆపేసేవి చాలావరకు చిన్న లోపాలే. పగుళ్లు పట్టిన పెట్రోలు గొట్టం, పచ్చగా చిలుము పట్టిన వైరు కొస, వదులైన బోల్టు, ఎండకు పెళుసైన లైఫ్ జాకెట్ పట్టీ లాంటివి దూరం నుంచి చూస్తే కనపడవు. గుడ్డ పట్టుకుని జానెడు జానెడు తుడుస్తూ పోతే కంటికో, వేలికో తగులుతాయి. అందుకే కడగడం, పరీక్షించడం కలిపి చేయండి. పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుని, కనపడిన లోపాన్ని అప్పుడే రాసుకోండి.

ఈ పని ప్రయాణానికి కనీసం నాలుగైదు రోజుల ముందు మొదలుపెట్టాలి. ఇంపెల్లర్ (మోటారును చల్లబరిచే నీటిని తోసే రబ్బరు రెక్కల చక్రం) మార్చాలన్నా, గేర్ పెట్టె సీలు వేయించాలన్నా, కొత్త బ్యాటరీ తేవాలన్నా ఆ మాత్రం వ్యవధి కావాలి. ముందురోజు సాయంత్రం లోపం బయటపడితే దాన్ని సరిచేసే వీలుండదు, ‘ఈ ఒక్కసారికీ పర్వాలేదులే’ అని బయల్దేరిపోతారు.

ముందు ఖాళీ చేయండి

పడవలో ఉన్న ప్రతి వస్తువూ బయటికి తీసి నేల మీద పరచండి. పెట్టెలు, తాళ్లు, లంగరు, జాకెట్లు, మ్యాట్లు, సీట్ల కింద దాచినవి, అన్నీ. సామాను పక్కకు జరుపుతూ కడిగితే దాని కిందున్న బురద మూలలకు చేరి పంపు జల్లెడకు అడ్డం పడుతుంది. పైగా ఏం ఉంది, ఏం లేదు అన్న లెక్క కూడా ఇలా పరిస్తేనే తేలుతుంది.

పడవ ముందు భాగం వెనక కంటే జానెడు ఎత్తుగా ఉండేలా నిలపండి. వెనక పలకకు అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పి, బయటికి వచ్చేదాన్ని గమనించండి. మామూలు మురికినీరైతే సరే. నీటి మీద రంగురంగుల తెట్టు కడితే నూనె కారుతోందని అర్థం, ఎక్కడి నుంచో కనిపెట్టాలి. పెట్రోలు వాసన వస్తే ఇక ఏ స్విచ్చీ వేయకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి పడవ అడుగున పేరుకుని కూర్చుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. మూతలన్నీ తెరిచి గాలి బాగా ఆడనిచ్చి, కారుతున్న చోటు పట్టుకుని సరిచేశాకే మిగతా పని.

విప్పిన ప్లగ్‌ను జేబులో వేసుకోవద్దు, బల్ల మీద పెట్టొద్దు. మోటారు తాళంచెవి ఉన్న గుత్తికే తగిలించండి. అప్పుడు ప్లగ్‌ను తలచుకోకుండా మోటారు స్టార్ట్ చేయడం కుదరదు. ప్లగ్ మరలు అరిగినా, రబ్బరు వాషర్ పగిలినా కొత్తది వేయండి. ఒకటి అదనంగా పడవలోనే ఉంచండి.

పైనుంచి కిందికి, లోపలి నుంచి బయటికి

కావలసిన సామాను ఎక్కువేమీ లేదు. రెండు బకెట్లు, మెత్తటి కుచ్చు ఉన్న పొడవాటి బ్రష్, మూలలకు పాత టూత్‌బ్రష్, స్పాంజి, నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు, రబ్బరు గ్లోవ్స్, పడవల సబ్బు ఉంటే చాలు. ఇనుప పీచు, వైర్ బ్రష్ దగ్గరికి రానివ్వొద్దు. ఫైబర్ మీదుండే నున్నటి పైపూత, అంటే జెల్‌కోట్, అర మిల్లీమీటరు మందం మాత్రమే ఉంటుంది. దాని మీద గీత పడితే ఆ గీతలోనే మళ్లీ మురికి, పాచి పట్టుకుంటాయి.

మొదట మంచినీటితో పడవంతా తడపండి. ఉప్పునీటిలో తిరిగిన పడవైతే ఈ ఒక్క పనికే పదిహేను నిమిషాలు కేటాయించండి. ఎండిన ఉప్పు పలుకులు గరుకు కాగితంలా పనిచేస్తాయి, తడపకుండా బ్రష్ పెడితే పైపూత మసకబారుతుంది. తర్వాత పది లీటర్ల నీటిలో రెండు పెద్ద చెంచాల సబ్బు కలిపి పైకప్పు, అద్దం, పక్కలు, సీట్లు, నేల వరుసలో రుద్దండి. రెండో బకెట్లో మంచినీళ్లు ఉంచుకుని, బ్రష్‌ను మళ్లీ సబ్బులో ముంచే ముందు అందులో జాడించండి. లేకపోతే ఇసుకను పడవంతా రుద్దినట్టే. ఒక్కో మీటరు రుద్దగానే, సబ్బు ఆరకముందే నీళ్లు కొట్టాలి. ఎండలో సబ్బు ఆరిపోతే తెల్లటి చారలు మిగులుతాయి కాబట్టి ఉదయం పూటో, నీడలోనో కడగడం మేలు. గిన్నెలు తోమే సబ్బుతోనూ మురికి పోతుంది గానీ మైనపు పూతను కూడా లాగేస్తుంది. అది వాడితే మళ్లీ మైనం పూయక తప్పదు.

ప్రెషర్ వాషర్ ఉంటే ముక్కును కనీసం ముప్పై సెంటీమీటర్ల దూరంలో పట్టండి. మోటారు మూత, స్విచ్చుల పలక, కిటికీ రబ్బర్లు, స్టిక్కర్ల మీద అసలు వాడొద్దు. ఆ ఒత్తిడికి నీరు సీళ్లు దాటి లోపలికి పోతుంది, కొన్ని వారాల తర్వాత స్విచ్చు పనిచేయకపోతే కారణం తోచదు.

పారదర్శకమైన ముందు అద్దం చాలా పడవల్లో గాజు కాదు, ఆక్రిలిక్ గానీ పాలీకార్బొనేట్ గానీ అయి ఉంటుంది. అమ్మోనియా కలిసిన అద్దాల క్లీనర్, పెట్రోలు, థిన్నర్ పడితే సన్నటి పగుళ్లు వచ్చి ఎండలో ఎదురు కనపడదు. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే.

వినైల్ సీట్ల మీది నల్లటి బూజుకు తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి చల్లి, పది నిమిషాలు ఆగి మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. బ్లీచ్ మచ్చను త్వరగా పోగొట్టినా కుట్టుదారాన్ని తినేస్తుంది, ఆ తర్వాత సీటు అతుకుల దగ్గర విచ్చుకుంటుంది. బ్లీచ్ వాడిన చోట వెనిగర్ గానీ, మరే ఆమ్లం గానీ, అమ్మోనియా గానీ చేరకూడదు. ఆ కలయికలో వచ్చే వాయువు ఊపిరితిత్తులకు ప్రమాదం. మూసి ఉన్న క్యాబిన్లో అయితే మరీ. సీటు కింద స్పాంజిని నొక్కి చూడండి. నీరు ఊరితే అడుగు గుడ్డ విప్పి ఆరబెట్టాలి, పైన ఎంత కడిగినా బూజు లోపలి నుంచే తిరిగి వస్తుంది.

నీటిగీత, మచ్చలు, పాలిష్

పడవ పక్కన నీరు తాకే గీత వెంట గోధుమరంగు మచ్చ పడుతుంది. సబ్బుకు అది పోదు. దానికి ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న హల్ క్లీనర్ వాడాలి. గ్లోవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని, బ్రష్‌తో పూసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి (సాధారణంగా కొద్ది నిమిషాలే), బోలెడు నీళ్లతో కడిగేయండి. రుద్దాల్సిన పనే ఉండదు. ఆ నీళ్లు ట్రైలర్ జింకు పూత మీద, అల్యూమినియం భాగాల మీద పడి ఆరకుండా చూడాలి, పూతను తినేస్తాయి. గుల్లలు అతుక్కుని ఉంటే ప్లాస్టిక్ పట్టీతో గీకి తీసి, మిగిలిన తెల్లటి సున్నపు ముద్రను వెనిగర్‌తో నానబెట్టి తుడవండి.

అడుగున పాచి పట్టని రంగు, అంటే యాంటీఫౌలింగ్ వేసి ఉంటే దాన్ని మెత్తటి స్పాంజితో తుడవడం వరకే. ఆ రంగులో ఉండేది జీవులకు విషం. పొడిగా గరుకు కాగితం పట్టి ధూళి లేపడం ఆరోగ్యానికి హాని. రాగి ఉన్న యాంటీఫౌలింగ్‌ను అల్యూమినియం పడవకు వేయనే కూడదు, నీటిలో రెండు లోహాలు కలిసి అల్యూమినియం తినేయబడుతుంది.

ఇప్పుడు అడుగంతా చేత్తో తడమండి. సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లు పైపూతలోవి మాత్రమే అయితే గోరు ఆగదు. గోరు ఇరుక్కుంటే, లేదా పగులు ఒక బిందువు నుంచి నక్షత్రంలా విచ్చుకుని ఉంటే లోపలి ఫైబర్ దెబ్బతిని ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోండి. గట్టి చోట టకటకమని ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట గానీ లోపలి చెక్క నానిన చోట గానీ మొద్దుగా పలుకుతుంది. బుడిపెలుంటే ఒకదాన్ని సూదితో పొడిచి చూడండి. పుల్లటి వెనిగర్ వాసనతో జిగట ద్రవం వస్తే నీరు ఫైబర్‌లోకి ఇంకిందన్నమాట. ఆ ఒక్క ప్రయాణానికి అది అడ్డం కాకపోవచ్చు, కానీ మరమ్మతు జాబితాలో చేరాలి. వెనక పలక విషయంలో మాత్రం రాజీ వద్దు. మోటారు కింది భాగాన్ని పట్టుకుని పైకి కిందికి ఊపండి. మోటారుతో పాటు పలక కూడా కదిలితే లోపలి చెక్క కుళ్లినట్టే, అది సరయ్యేదాకా ఆ పడవ నీటిలోకి దిగకూడదు.

పైపూత సుద్దలా తెల్లబడి, వేలితో రాస్తే పొడి అంటితే పాలిష్ అవసరం. సన్నరకం పాలిష్ కాంపౌండ్‌తో అరమీటరు చదరం చొప్పున రుద్ది, తుడిచి, రెండుసార్లు మైనం పూయండి. మైనాన్ని నేల మీద, ఎక్కే మెట్ల మీద, సీట్ల మీద పూయొద్దు. తడిపాదం జారితే మనిషి నీటిలోనే పడతాడు. పాలిష్‌కు సమయం చాలకపోతే ఈసారికి వదిలేయండి, మిగతావి వదలకండి.

చెక్క పడవ చాలాకాలం ఎండలో ఉంటే పలకల సందులు విచ్చుకుంటాయి. వాటిని చూసి కంగారుపడి గట్టి పుట్టీ కూరొద్దు. నీటిలో చెక్క ఉబ్బినప్పుడు ఆ పుట్టీ పలకలను విడదీస్తుంది. రెండు మూడు రోజుల ముందే లోతులేని చోట దించి, కట్టి ఉంచి, ఊరే నీటిని తోడుతూ ఉండండి. సందులు మూసుకున్నాక కూడా నీరు వస్తుంటే అప్పుడు ఆ చోటు చూడాలి. రబ్బరు పడవకైతే సబ్బునీళ్ల నురగ పూసి బుడగలు వచ్చే చోటు వెతకండి. వేడిలో నింపిన గాలి చల్లటి నీటిలో కుంచించుకుంటుంది కాబట్టి దించిన పది నిమిషాలకు ఒత్తిడి మళ్లీ సరిచూడాలి.

అడుగున నీరు చేరే గుంట, పంపు

ఎక్కువమంది పైపైన చూసి వదిలేసేది ఈ గుంటనే, బిల్జ్ అంటాం. పడవను కాపాడే పంపు ఉండేది ఇక్కడే. గుంటలో నీళ్లూ సబ్బూ పోసి అరగంట నానబెట్టి, బ్రష్‌తో రుద్ది ప్లగ్ దారిన వదిలేయండి. నూనె ఉంటే ముందు పీల్చే గుడ్డతో తీసేయాలి, పంపుతో బయటికి నెట్టకూడదు.

పంపు అడుగు జల్లెడ విప్పి వెంట్రుకలు, దారప్పోగులు, ఆకులు తీయండి. లోపలి చక్రానికి చేపల వల దారం చుట్టుకుని ఉంటుంది తరచుగా. జల్లెడ బిగించాక ప్లగ్ పెట్టి రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఫ్లోట్ స్విచ్ తనంతట తాను లేచి పంపు నడవాలి, పక్క రంధ్రంలోంచి ధారగా నీరు పడాలి, నీరు తగ్గాక పంపు ఆగాలి. చేత్తో ఫ్లోట్ ఎత్తి చూసి సరే అనుకోవద్దు, నూనె జిడ్డుకు ఫ్లోట్ నీటిలో లేవకుండా అతుక్కుపోతుంది. పంపు తిరుగుతున్న శబ్దం వస్తున్నా నీరు బయట పడకపోతే గొట్టం మడతపడిందో, ఊడిందో చూడండి. ఊడిన గొట్టం ఉంటే పంపు అదే నీటిని మళ్లీ పడవలోకే పోస్తూ ఉంటుంది.

పంపు ఫ్లోట్ వైరు మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా, ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి కలిసి ఉండాలి. లేకపోతే రాత్రి మెయిన్ ఆపి వెళ్లిన పడవలో వాన నీరు నిండినా పంపు కదలదు. ఎంత మంచి పంపున్నా తాడు కట్టిన ఒక బకెట్ పడవలో ఉండి తీరాలి.

మోటారు

మూత తీసి ముందు చూడండి, తర్వాత తాకండి. తెల్లటి ఉప్పు పేరుకున్న చోట నీటి కారుడు ఉంది. నల్లటి జిడ్డు ఉన్న చోట నూనె కారుడు ఉంది. లోపల నీళ్లు కొట్టొద్దు, తడి గుడ్డతో తుడిచి, ఆరాక తుప్పు నిరోధక స్ప్రే పలుచగా కొట్టండి. వెనక పలకకు బిగించే బోల్టులు, చేత్తో తిప్పే బిగింపు స్క్రూలు గట్టిగా ఉన్నాయో చూడండి. అలాంటి స్క్రూలతో బిగించే చిన్న మోటారైతే దాన్ని పడవకు ఒక తాడుతో కూడా కట్టాలి.

ఫోర్ స్ట్రోక్ మోటారు నిటారుగా నిలబెట్టి, డిప్‌స్టిక్‌తో నూనె మట్టం చూడండి. చాలా మోటార్లకు వంద గంటలకు గానీ ఏడాదికి గానీ నూనె మార్చమని తయారీదారులు చెబుతారు. నూనె మట్టం పెరిగి, పెట్రోలు వాసన వస్తే అది నూనెలో కలుస్తోంది, అలా నడిపితే బేరింగులు పోతాయి.

గేర్ పెట్టె నూనె ఇంకా ముఖ్యం. కింది స్క్రూ కొద్దిగా విప్పి రెండు చుక్కలు వేలి మీద పట్టండి. నూనె పాలలా తెల్లగా ఉంటే నీరు చేరింది, సీలు మార్చాలి. ఎక్కువసార్లు దీనికి కారణం ప్రొపెల్లర్ వెనక చుట్టుకున్న గాలపు నైలాన్ దారం. అది తిరుగుతూ సీలును కోసేస్తుంది. ప్రొపెల్లర్ విప్పి ఆ దారం తీసి, ఇరుసు పళ్లకు నీటికి కొట్టుకుపోని గ్రీజు రాసి, కొత్త స్ప్లిట్ పిన్నుతో బిగించండి. కొత్త గేర్ నూనెను కింది రంధ్రం నుంచే ఎక్కించాలి. పైరంధ్రంలోంచి బుడగల్లేకుండా నూనె పొంగాక ముందు పై స్క్రూ, ఆ తర్వాతే ట్యూబు తీసి కింది స్క్రూ బిగించండి. పైనుంచి పోస్తే లోపల గాలి ఇరుక్కుని, నిండిందని భ్రమ కలుగుతుంది. రెండు వాషర్లూ కొత్తవి వేయాలి.

లోహపు దిమ్మలుగా బిగించి ఉండే ఆనోడ్లు మోటారు బదులు అరిగిపోవడానికే ఉన్నాయి. సగం అరిగితే మార్చేయండి. ఉప్పునీటికి జింకు లేదా అల్యూమినియం, మంచినీటికి మెగ్నీషియం. వాటికి రంగు పూస్తే పనిచేయవు. ఏళ్లుగా కొత్తదానిలా ఉన్న ఆనోడ్ మంచి సూచన కాదు, దానికి మోటారుతో విద్యుత్ సంబంధం తెగి ఉంటుంది.

ఇక నడిపి చూడటం. నీరు పీల్చే రంధ్రాలకు రెండు వైపులా రబ్బరు కప్పులు తగిలించి, ముందు నీటి గొట్టం తెరిచి, ఆ తర్వాత స్టార్ట్ చేయండి. నీళ్లు లేకుండా కొద్ది సెకన్లు తిప్పినా లోపలి రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు కాలిపోతాయి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ ఉండకూడదు. మోటారు పక్క చిన్న రంధ్రంలోంచి సన్నటి ధార ఆగకుండా పడాలి, చల్లబరిచే నీరు తిరుగుతోందనడానికి అదే గుర్తు. ధార రాకపోతే మోటారు ఆపి, ఆ రంధ్రంలో నైలాన్ దారం దూర్చి చూడండి. పురుగులు గూడు కట్టడం, ఉప్పు పేరుకోవడం మామూలే. దారి తెరిచినా ధార నీరసంగా ఉంటే ఇంపెల్లర్ మార్చాలి. పాతదాని రెక్క విరిగి ఉంటే ఆ ముక్క ఎక్కడుందో వెతికి తీయకుండా కొత్తది వేయొద్దు. లోపలి దారుల్లో అది అడ్డం పడితే కొత్త ఇంపెల్లర్ ఉన్నా మోటారు వేడెక్కుతుంది.

మోటారు నడుస్తుండగా కిల్ కార్డ్, అంటే నడిపేవారి ఒంటికి తగిలించుకునే, ఊడితే మోటారును ఆపేసే తాడు, లాగండి, వెంటనే ఆగాలి. గేరులో ఉంచి స్టార్ట్ చేయబోండి, స్టార్ట్ కాకూడదు. స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. మధ్యలో బిగిస్తే కేబుల్ లోపల తుప్పు పట్టింది. గ్రీజుకు లొంగకపోతే కేబుల్ మార్చడమే దారి.

పెట్రోలు: ఎంత, ఎలా

నెలల తరబడి ట్యాంకులో ఉన్న పెట్రోలుతో బయల్దేరొద్దు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ నీరు అడుగుకు చేరి నేరుగా మోటారుకే వెళ్తుంది. నీటిని వేరుచేసే ఫిల్టరు ఉంటే గ్లాసు డబ్బాలోకి వంపి చూడండి, అడుగున నీటి పొర విడిగా కనపడుతుంది.

టూ స్ట్రోక్ మోటారుకు నూనె కలపాల్సిన కొలత దాని పుస్తకంలో ఉంటుంది. 50:1 అని ఉంటే లీటరుకు 20 మి.లీ., పది లీటర్లకు 200 మి.లీ. అంచనాగా పోయొద్దు. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే స్పార్క్ ప్లగ్గులు మసిబారతాయి. ముందు సగం పెట్రోలు, తర్వాత నూనె, తర్వాత మిగతా పెట్రోలు పోస్తే బాగా కలుస్తుంది.

చేత్తో మోసే ట్యాంకును పడవలో ఉంచి నింపొద్దు. నేల మీద దించి, పంపు ముక్కు ట్యాంకు మూతికి తాకించి నింపండి, లేకపోతే స్థిరవిద్యుత్ రవ్వ రావచ్చు. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది కాబట్టి పైన కొంత ఖాళీ వదలాలి.

ఎంత తీసుకెళ్లాలో ఇలా లెక్క వేయండి. పెట్రోలు మోటారు పూర్తి వేగంలో గంటకు తాగేది సుమారుగా హార్స్‌పవర్‌లో మూడోవంతు కంటే కొంచెం ఎక్కువ లీటర్లు. అంటే 20 హార్స్‌పవర్ మోటారుకు 7 నుంచి 8 లీటర్లు. గంట వెళ్లి గంటలో తిరిగి రావాలంటే 16 లీటర్లు. వెళ్లడానికి మూడోవంతు, రావడానికి మూడోవంతు, ఎదురుగాలికీ అలలకూ మూడోవంతు అన్నది పాత, నమ్మదగిన నియమం. ఆ లెక్కన 24 లీటర్లు తీసుకోవాలి. మొదటి మూడోవంతు అయిపోయిన చోట, గమ్యం కనపడుతున్నా సరే, వెనక్కి తిరగాలి.

గొట్టంలోని రబ్బరు బల్బు బాణం గుర్తు మోటారు వైపు ఉండాలి. నొక్కితే ఐదారు సార్లకు గట్టిపడాలి. గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, చాలావరకు కనెక్టర్‌లోని ఓ-రింగ్ (రబ్బరు వలయం) దగ్గరే. మోటారు నడుస్తుండగా బల్బు చప్పగా నొక్కుకుపోతే ట్యాంకు మూత మీద గాలి రానిచ్చే స్క్రూ తెరవడం మరిచారు. గొట్టాన్ని వంచి చూడండి, వంపులో సన్నటి పగుళ్లు కనపడితే కొత్త గొట్టం వేయండి.

బ్యాటరీ, దీపాలు

ఛార్జింగ్ తీసేసి కొన్ని గంటలు వదిలేశాక లెడ్-ఆసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు లేదా అంతకంటే ఎక్కువ చూపాలి. 12.2 అంటే సగం ఖాళీ. రాత్రంతా ఛార్జ్ చేసినా తెల్లారేసరికి పడిపోతుంటే ఆ బ్యాటరీ పని అయిపోయింది. తెల్లటి బూడిద పట్టిన టెర్మినళ్లను వంటసోడా కలిపిన నీళ్లతో తుడవండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. తర్వాత కొద్దిగా గ్రీజు. పట్టీ వేసి కదలకుండా కట్టండి, అలల కుదుపుకు పడిపోయిన బ్యాటరీ మంటలకు కారణమవుతుంది.

దీపాలు పగటిపూట ప్రయాణమైనా చూడాలి, ఆలస్యం ఎప్పుడైనా కావచ్చు. ముందుకు చూస్తే ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, వెనక తెలుపు. దీపం వెలగకపోతే బల్బు కంటే ముందు ఎర్త్ వైరు కొస చూడండి. ఉప్పుగాలికి మొదట పోయేది అదే.

ప్రాణాలు కాపాడే సామాను

పడవలో ఎంతమంది ఉంటే అన్ని లైఫ్ జాకెట్లు, ఒక్కొక్కరి బరువుకు సరిపోయేవి. పెద్దవాళ్లది పిల్లలకు వేస్తే నీటిలో పైకి జారి తల కిందికి పోతుంది. పిల్లల జాకెట్‌కు కాళ్ల మధ్య పట్టీ ఉండాలి. వేసి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి, చెవులు దాటి లేస్తే వదులు. ఫోమ్ జాకెట్లను మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఫోమ్ గట్టిపడి, నొక్కితే తిరిగి లేవకపోయినా, గుడ్డ గోటితో చిరిగినా పారేయండి. గ్యాస్‌తో ఉబ్బే రకం అయితే సిలిండరు విప్పి తూచి, దాని మీద ముద్రించిన బరువుతో పోల్చండి. నోటితో ఊది రాత్రంతా వదిలేయండి, తెల్లారి మెత్తబడితే ఎక్కడో గాలి పోతోంది.

మంటలార్పే సిలిండరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉండాలి. పొడి రకాన్ని తలకిందులు చేసి తట్టండి, కదలకపోతే పొడి అడుగున గడ్డ కడుతుంది. ఆపదలో వెలిగించే సిగ్నల్ ఫ్లేర్ల మీద ముద్రించిన గడువు తేదీ చూడండి. ఈల, టార్చి, అదనపు సెల్లులు, నీరు చొరని సంచిలో ఫోను, ఒక జత తెడ్లు, కత్తి, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే ఆపద కబురుకు 16వ ఛానెల్.

లంగరు తాడు విషయంలో పొరపాటు ఎక్కువ. పది మీటర్ల లోతుకు పది మీటర్ల తాడు చాలదు. లోతుకు కనీసం ఐదు రెట్లు, గాలి ఎక్కువైతే ఏడు రెట్లు వదలాలి. తాడు ఎంత పడుకుంటే లంగరు అంత గట్టిగా పట్టు దొరకబుచ్చుకుంటుంది, నిటారుగా లాగితే ఊడి వస్తుంది. లంగరు దగ్గర రెండు మూడు మీటర్లు గొలుసు ఉండాలి. తాడు రెండో కొసను పడవకు కట్టారా లేదా అన్నది కూడా ఇప్పుడే చూడండి.

స్పేర్లలో స్పార్క్ ప్లగ్గులు, వాటిని విప్పే స్పానరు, ఫ్యూజులు, డ్రెయిన్ ప్లగ్, స్ప్లిట్ పిన్నులు, ఎలక్ట్రికల్ టేపు, నాలుగు మీటర్ల సన్నతాడు, షియర్ పిన్ను (ప్రొపెల్లర్ దేనికైనా తగిలితే తాను విరిగి మోటారును కాపాడే పిన్ను) రకం మోటారైతే ఆ పిన్నులు పెట్టుకోండి. మనిషికి రెండు మూడు లీటర్ల తాగునీరు.

దించేముందు, దించాక

పడవ మీది లోహపు పలకపై ఎంతమంది, ఎన్ని కిలోలు అన్నది ఉంటుంది. ఆ కిలోలలో మనుషులు, సామాను, పెట్రోలు, చాలాసార్లు మోటారు కూడా లెక్కే. బరువైనవి అడుగున, మధ్యలో పెట్టి కట్టండి. అందరూ వెనక కూర్చుంటే వెనక పలక మీదుగా నీరు పడవలోకి వస్తుంది. గాలి, అలల సూచన ముందురాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూడండి. నీటి ప్రవాహానికి ఎదురుగా గాలి వీస్తే అలలు నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి, చిన్న పడవకు అవే ప్రమాదం. ఒడ్డున ఉండే ఒకరికి ఎక్కడికి వెళ్తున్నారు, ఎంతమంది, ఎప్పటికి తిరిగి వస్తారు, ఎన్ని గంటలకల్లా రాకపోతే సాయం పిలవాలి అన్నవి రాసి ఇవ్వండి.

ట్రైలర్ మీద వచ్చిన పడవైతే నీటి దగ్గరకు చేరాక కాసేపు ఆగండి. దారిలో వేడెక్కిన చక్రాల బేరింగులు చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని నీటిని పీల్చుకుంటుంది. ఆ ఆగిన సమయంలో లైట్ల ప్లగ్ ఊడదీసి, కట్లు విప్పి, డ్రెయిన్ ప్లగ్ బిగించండి. పడవ ముందు కొసను ట్రైలర్‌కు పట్టి ఉంచే వించ్ పట్టీని మాత్రం పడవ నీటిలో తేలేదాకా విప్పొద్దు.

తేలగానే బయల్దేరకండి. కట్టి ఉంచి, ఐదు నిమిషాలు బిల్జ్ చూడండి. నీరు చేరుతుంటే పడవ ఇంకా ట్రైలర్ దగ్గరే ఉంది, తిరిగి ఎక్కించడం తేలిక. మూత దగ్గర పెట్రోలు వాసన చూసి, స్టార్ట్ చేసి, ధార గమనించి, గేరు ముందుకీ వెనక్కీ వేసి చూడండి. కిల్ కార్డ్ నడిపేవారి చేతికో కాలికో తగిలించాకే తాడు విప్పాలి. ఒడ్డుకు దగ్గరలో పది పదిహేను నిమిషాలు మెల్లగా తిప్పి, మళ్లీ ఒకసారి బిల్జ్, ధార చూసుకుని అప్పుడు వేగం పెంచండి. కదిలినప్పుడు మాత్రమే కారే చోట్లు ఉంటాయి.

తిరిగొచ్చిన రోజే మోటారుకు పది పదిహేను నిమిషాలు మంచినీళ్లు ఎక్కించండి. తర్వాత దాన్ని నిటారుగా నిలిపి లోపలి నీరంతా దిగనివ్వాలి. పడవను, ట్రైలర్‌ను కడిగి, ప్లగ్ తీసి, గుంటలన్నీ ఆరబెట్టండి. మరో చెరువుకో నదికో తీసుకెళ్లాలనుకుంటే పట్టుకున్న కలుపు ముక్కలు, గుల్లలు, మిగిలిన నీరు ఒక్క బొట్టు కూడా వెంట వెళ్లకూడదు. కంటికి కనపడని గుల్లల పిల్లలు ఆ నీటిలోనే కొత్త చోటికి చేరి పైపులను, వలలను మూసేస్తాయి. కనీసం ఐదు రోజులు పూర్తిగా ఎండాకే కొత్త నీటిలో దించండి.